కోయక ముందు రాయవలసిన పేజీ

కరోనా తగ్గి, మూతబడ్డ మందిరాల తలుపులు మళ్ళీ తెరుచుకున్న ఏడాది అది. విజయనగరం ఊరి చివర, బొబ్బిలి వెళ్ళే బస్సులు మలుపు తిరిగే చోట మా వైండింగ్ షాపు. షాపు అప్పలస్వామి మేస్త్రీది. నాది నెల్లిమర్ల. మీసాలు రాని రోజుల్లో పని నేర్చుకోవడానికి ఆయన దగ్గర చేరినవాణ్ణి, నా జుట్టు నెరిసేదాకా ఆయన పక్కనే కూర్చున్నాను.

కాలిపోయిన మోటార్లు, ఆల్టర్నేటర్లు మా దగ్గరికి వస్తాయి. జనరేటర్‌లో ఇంజను తిప్పగా కరెంటు పుట్టించే భాగం ఆల్టర్నేటర్. దాని బయటి ఇనుప గుండ్రాన్ని స్టేటర్ అంటాం. స్టేటర్ లోపలి అంచు చుట్టూ గాడులుంటాయి. ఆ గాడుల్లో రాగితీగ కాయిల్స్ కూర్చుంటాయి. కాలిన కాయిల్స్ తీసేసి, ముందు ఎలా ఉన్నాయో అలాగే కొత్తవి చుట్టి కూర్చోబెట్టడం మా పని.

ముందు ఎలా ఉన్నాయో తెలియడమే ఇందులో అసలు కష్టం. తీగ ఎంత లావో కోసిన తర్వాతైనా కొలుచుకోవచ్చు. ఒక్కో కాయిల్‌కు ఎన్ని చుట్లో లెక్కపెట్టుకోవచ్చు. కోసిన తర్వాత దొరకనిది కనెక్షన్. ఏ గుంపు కాయిల్స్ చివర ఏ గుంపు మొదటికి కలిసింది, అన్ని గుంపులూ ఒకే వరసలో ఉన్నాయా, రెండు దారులుగా చీలి మళ్ళీ కలిశాయా అన్నది ఉలి పడిన మరుక్షణం చెదిరిపోతుంది. అందుకే కోయక ముందే రాసుకోవాలి. కాఫీ రంగు అట్టలు వేసిన పొడవాటి పుస్తకాలు మా షాపులో పదకొండు ఉన్నాయి. ఒక్కో మెషీనుకు ఒక్కో పేజీ. గాడులెన్ని, చుట్లెన్ని, తీగ గేజు ఎంత, కింద కనెక్షన్ బొమ్మ, అన్నిటికన్నా కింద "కట్టినది" అన్న గడిలో పనిచేసినవాడి పేరు.

ఈ పద్ధతి మేస్త్రీ పెట్టిందే. నేను చేరిన మొదటి రోజు ఆయన నా చేతికి ఉలి ఇవ్వలేదు, పెన్సిల్ ఇచ్చాడు. నా పద్ధతి ఇంకొకటి ఉండేది. కోత మొదలుపెట్టే ముందు స్టేటర్ మీద చెయ్యి ఉంచి రెండు నిమిషాలు ప్రార్థన చేసుకునేవాణ్ణి. ఆయన పైడితల్లి భక్తుడు. నా ప్రార్థన అయ్యేదాకా బీడీ వెలిగించకుండా ఆగేవాడు.

"నువ్వు మొక్కుకోరా పెకాసం, నాను రాసుకుంతాను. రెండూ ఉంతే మెషీను తిరగక సస్తాదా?" అనేవాడు. నా పేరు ప్రకాశం. ఆయన నోట ఎప్పుడూ పెకాసమే.

ఒకసారి అడిగాడు: "మీ దేవుడికాడ పేర్లు రాసిన పుస్తకం ఉంతాదన్నావు కదా. అంతా తెలిసినోడికి పుస్తకం ఎందుకురా?"

"ఆయనక్కాదు మేస్త్రీ, మనకి. మన పేరు సెరిగిపోనేదని మనకి ధైర్యం ఉండాలి కదా."

ఆయన నవ్వాడు. "అయితే ఆయన కూడా వైండరే."

ఆ ఏడాది వేసవి నుంచి ఆయనలో కొన్ని మార్పులు చూస్తూనే ఉన్నాను. టీ తాగిన పది నిమిషాలకు మళ్ళీ టీ అడిగేవాడు. చేతిలో పెట్టుకున్న కటింగ్ ప్లయర్ కోసం బల్లంతా వెతికేవాడు. డెబ్బై దాటిన మనిషి కదా అనుకున్నాను. ఆయన భార్య పైడమ్మగారు కూడా ఒకరోజు షాపుకు వచ్చి, ఆయన వినకుండా అడిగింది. "ఇంటికాడ కూరలో ఉప్పు ఏసీసి మల్లా ఏస్తన్నాడు బాబూ. మొన్న మన ఈది మర్సిపోయి అవతలీదికి ఎల్లిపోయేడు. షాపులో బాగానే ఉన్నాడా?"

"షాపులో ఏటీ నేదమ్మా. సెయ్యి ఎప్పట్లాగే ఉన్నాది," అన్నాను. చెయ్యి సంగతి మటుకు అప్పటికి నిజమే.

వానాకాలంలో బొబ్బిలి అవతలి ఒక ఊరి నుంచి రామునాయుడు వచ్చాడు. అక్కడ పాలకేంద్రం నడుపుతాడు. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు పొద్దునే క్యాన్లతో పాలు పోస్తే, పెద్ద స్టీలు ట్యాంకులో చల్లబరిచి, మధ్యాహ్నం లారీకి ఎక్కిస్తాడు. గాలివానకు స్తంభాలు పడి కరెంటు పోయింది. జనరేటర్ మీద రెండు రోజులు లాగించేసరికి ఆల్టర్నేటర్ కాలిపోయింది. ఆటో ట్రాలీలో స్టేటర్ తెచ్చి దింపాడు.

"మేస్త్రీ, కరెంటు రావడానికి వారం పడతాదంతన్నారు. నువ్వే దిక్కు. మూడు దినాల్లో ఇస్తే నీ కాళ్ళు మొక్కుతాను."

"కాళ్ళు వొద్దుగానీ ఓ లీటరు పెరుగు పంపించు," అన్నాడు మేస్త్రీ. ఆ మాట అంటూనే ఉలి, సుత్తి తీసుకుని స్టేటర్ ముందు కూర్చున్నాడు.

నేను పుస్తకం తెరిచి గాడులు లెక్కపెడుతున్నాను. నలభై ఎనిమిది వరకు వచ్చి తలెత్తి చూసేసరికి, ఆయన కనెక్షన్లున్న వైపు ఉలి ఆనించి ఉన్నాడు. మేం ఎప్పుడూ అటు కోయం. మొదట వెనక వైపు కోస్తాం. కనెక్షన్ వైపు బొమ్మ గీశాకే ముట్టుకుంటాం.

"మేస్త్రీ, ఇంకా రాయనేదు కదా," అన్నాను.

"ఇలాటివి ఎన్ని సూసేన్రా నాను? నిన్ననే ఇలాటిది కట్టేం కదా. అదీ ఇదీ ఒకటే." సుత్తి పడింది.

నిన్న మేం కట్టింది ఒక బోరు మోటారు. ఆల్టర్నేటర్ కాదు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. నాకు పెన్సిల్ పట్టడం నేర్పిన మనిషికి, రామునాయుడు ఎదురుగా, నీకు నిన్నటి పని గుర్తులేదని ఎలా చెప్పను? నోరు మూసుకున్నాను. అది మర్యాద అనుకున్నాను. సుత్తి ఆడుతూనే ఉంది. రాగి కొసలు తొడుగులతో సహా తెగి నేల మీద రాలుతుంటే, ఏరి గోనెసంచిలో వేశాను. ఆ రోజు నేను ప్రార్థన కూడా చేయలేదు. వ్యవధి లేకపోయింది.

కాయిల్స్ ఇద్దరం కలిసి చుట్టాం. గాడుల్లో కూర్చోబెట్టాం. కనెక్షన్ మటుకు ఆయనే కట్టాడు. కాయిల్స్ అన్నీ ఫేజులు అనే మూడు భాగాలుగా ఉంటాయి, ఒక్కో ఫేజుకు నాలుగు గుంపులు. ఒక గుంపులో కరెంటు కుడికి తిరిగితే, పక్క గుంపులో ఎడమకు తిరగాలి. మొదటి రెండు ఫేజులూ కట్టి ఆయన భోజనానికి వెళ్ళాడు. తిరిగి వచ్చి మూడో ఫేజు ముందు చాలాసేపు ఊరికే కూర్చున్నాడు. వేళ్ళు కొసలను పట్టుకుని వదిలేస్తున్నాయి. తర్వాత గబగబా కట్టేశాడు.

షాపులో మేం చేసే పరీక్షలు రెండు. తీగ ఎక్కడైనా ఇనుముకు తగులుతోందేమో మెగ్గర్ అనే మీటరుతో చూస్తాం. మూడు ఫేజుల నిరోధం సమానంగా ఉందో లేదో ఇంకో మీటరుతో చూస్తాం. రెండూ బాగున్నాయి. అయితే ఒక గుంపు తలకిందులుగా కట్టి ఉంటే ఈ రెండు మీటర్లూ పట్టుకోలేవు. తీగ ఎటు తిరిగినా దాని నిరోధం అంతే. దానికి వేరే పరీక్ష ఉంది. బ్యాటరీ ఆనించి, గాడుల పక్కన దిక్సూచి నడిపిస్తూ ముల్లు ఎటు తిరుగుతోందో చూడాలి. పావుగంట పని.

"ముల్లు పెట్టి సూద్దామేటి మేస్త్రీ?" అన్నాను.

ఆయన ముఖం ముడుచుకుంది. "నా సెయ్యి మీద నమ్మకం నేదేటిరా నీకు?"

"అదికాదు..."

"అయితే వార్నీసు పొయ్యి."

పోశాను.

మూడో రోజు పొద్దున స్టేటర్‌ను బొబ్బిలి తీసుకెళ్ళి, పాలకేంద్రం వెనక షెడ్డులో ఇంజనుకు బిగించాం. జనరేటర్ వస్తోందని రామునాయుడు ముందురోజే ఊళ్ళలో చెప్పించాడు. ఆడవాళ్ళు క్యాన్లు తెచ్చి పాలు పోసేశారు. ట్యాంకు నిండింది. చాలామంది ఇళ్ళకు వెళ్ళకుండా షెడ్డు బయట నిలబడి చూస్తున్నారు. మేస్త్రీ తెల్ల లుంగీ కట్టుకుని వచ్చాడు. ఎక్కడ మెషీను స్టార్ట్ చేసినా అలాగే వచ్చేవాడు, పెళ్ళికి వచ్చినట్టు.

ఇంజను అందుకుంది. ఒక్క క్షణం బాగానే తిరిగింది. తర్వాత పెద్ద బరువు మోస్తున్నట్టు మూలిగింది. నేను లోడు స్విచ్చు ఇంకా వేయనేలేదు. వార్నీషు కాలే వాసన వచ్చింది. ఆపేలోపే జాలీల్లోంచి పొగ. లోపల మూడో ఫేజు తనలో తానే కొట్లాడుకుని మాడిపోయింది.

మేస్త్రీ ముందుకు వచ్చి, కవరు తీయించి, టార్చి వేసి లోపలికి చూశాడు. నల్లబడిన కొసలను వేలితో అనుసరిస్తూ వెళ్ళాడు. ముప్పై ఏళ్ళుగా నేను చూసిన చూపే అది. తప్పు ఎక్కడుందో ఇట్టే పట్టేశాడు. టార్చి ఆర్పి అటూ ఇటూ చూశాడు.

"ఏ ఎదవ కట్టేడ్రా ఇది?"

మళ్ళీ కొసల వైపు వేలు చూపించాడు.

"నాలుగో గుంపు తిరగేసి కలిపీసేడు. రాసుకోకుండా కోసీసినట్టున్నాడు. ఇంతమంది పాలు! ఎవుడ్రా ఆడు?"

నటన కాదు. నిజంగానే తెలియక అడుగుతున్నాడు. రామునాయుడు నోరు తెరిచాడు. కోసింది ఎవరో అతను కళ్ళారా చూశాడు. అతని కన్నా ముందే నేను అన్నాను.

"నానే మేస్త్రీ. నానే కట్టేను."

మేస్త్రీ నన్ను తేరిపార చూశాడు. ఆయన నన్ను కొట్టింది జీవితంలో అదొక్కసారే. అందరి ముందు చెంప మీద కొట్టాడు. "సెప్పేనా నీకు, రాయకుండా ఉలెట్టొద్దని? ఎన్నిసార్లు సెప్పేను?" తర్వాత అక్కడున్న ఆడవాళ్ళ వైపు తిరిగి చేతులు జోడించాడు. "తల్లీ, మా కుర్రోడు తప్పు సేసేడు. తిట్టుకోకండి. నాను నేర్పింది సాలనేదు."

మధ్యాహ్నానికి పాలు విరిగాయి. ట్యాంకు తూము తెరిస్తే, షెడ్డు వెనక కాలువలో చాలాసేపు తెల్లగా పారింది. పోసినవాళ్ళు గట్టు మీద నిలబడి చూశారు. ఒక ముసలమ్మ మటుకు, "మా గేదికి తెలీదు కదా, రేపూ ఇస్తాది," అని ఖాళీ క్యాను తీసుకుని వెళ్ళిపోయింది.

రామునాయుడు నన్ను పక్కకు పిలిచాడు. "ఏటి ప్రకాశం ఇది? నాను సూడనేదనుకున్నావా?"

"నాయుడూ, నీకు దండం పెడతాను. ఎవుళితోనూ అనకు."

అతను తల పంకించాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా.

స్టేటర్‌ను మళ్ళీ షాపుకు తెచ్చాం. ఈసారి నేనొక్కణ్ణే కూర్చున్నాను. గోనెసంచి నేల మీద గుమ్మరించి, తెగిన పాత కొసలను ఒక్కొక్కటే వెతికి, తొడుగుల రంగు, అతుకు ఉన్న తీరు చూసి జతలు పేర్చాను. రెండు పూటలు పట్టింది. ఏ గుంపు దేనితో కలిసిందో తేలింది. ఒక్కో ఫేజు రెండు దారులుగా ఉన్న మెషీను అది. బొమ్మ గీశాను, కట్టాను, ముల్లు పెట్టి చూశాను. మెషీను తిరిగింది, ఈరోజుకూ తిరుగుతోంది. పుస్తకంలో ఆ పేజీ రాసేటప్పుడు మొదట కాలిపోయిన సంగతి కూడా రాయాలి. అది మా నియమం. "మొదటిసారి నాలుగో గుంపు తిరగబడి కాలిపోయినది. కట్టినది: ప్రకాశం" అని రాశాను.

అబద్ధం ఆడకూడదని సండే స్కూలు పిల్లలకు చెప్పేవాణ్ణి నేను. ఆదివారం సంఘంలో వాక్యం చదివేవాణ్ణి. ఆ వారం కూడా లేచి చదివాను. ఒక ముసలాయన పరువు కాపాడాను కదా, ఇది ప్రేమే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అయినా ఆ మాట మళ్ళీ మళ్ళీ చెప్పుకోవలసి వచ్చేది. అది దేవుని హెచ్చరిక అని అప్పుడు గ్రహించలేదు.

నాలుగు నెలల తర్వాత మేస్త్రీ తప్పిపోయాడు. పొద్దున షాపుకని బయల్దేరిన మనిషి మరుసటి రోజు శృంగవరపుకోట బస్టాండులో దొరికాడు. చెప్పులు లేవు. సంచిలో ఉలి, సుత్తి ఉన్నాయి. ఎప్పుడో మూతబడ్డ ఒక మిల్లులో మోటారు కట్టడానికి వెళ్తున్నానని అక్కడివాళ్ళతో చెప్పాడట. విశాఖ తీసుకెళితే డాక్టరు జబ్బు పేరు చెప్పి, "ఇది మొదలై ఏడాదైనా అయి ఉంటుంది. ముందే తీసుకొస్తే మందులతో అది కొంత నెమ్మదిగా ముదిరేలా చేసేవాళ్ళం. పనిలో ఎప్పుడూ తేడా కనిపించలేదా?" అని అడిగాడు.

పైడమ్మగారు నా వైపు తిరిగింది. "షాపులో ఏటీ నేదన్నావు కదా బాబూ?"

ఇంటికి వచ్చాక చెప్పాను. ఆమె అరుగు మీద కూర్చుని ఆయన పాదాల బొబ్బలకు కొబ్బరినూనె రాస్తోంది. ఆయన నిద్రపోతున్నాడు. నేను కింద కూర్చుని, ఉలి ఆనించిన దగ్గర నుంచి చెంపదెబ్బ వరకు మొత్తం చెప్పాను. ఆమె చెయ్యి ఆగింది.

"అయితే ఆ దినం బొబ్బిలికాడ కాల్సింది నువ్వు కాదేటి?"

"కాదమ్మా."

"మీ మేస్త్రీ సెయ్యి బాగానే ఉన్నాదన్నావని ధైర్యంగా ఉన్నాను నాను. ఇంటికాడ ఏటేటో సేస్తంతే కూడా, పనిలో బాగున్నాడు కదా, ఇది ముసిలితనవే అనుకున్నాను. పెకాసం అబద్దం ఆడడని ఊరంతా అంతాది." ఆమె గొంతు పెరగలేదు. "ఇంకెవులు సెప్పినా నమ్మకపోదును."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. మళ్ళీ నూనె రాయడం మొదలుపెట్టింది.

తర్వాత రెండేళ్ళు మేస్త్రీ రోజూ షాపుకు వచ్చేవాడు. పైడమ్మగారే తెచ్చి దింపేది. పని ఇవ్వలేం కనక పాత పుస్తకాలు చేతికిచ్చేవాళ్ళం. పేజీలు తిప్పుతూ, బొమ్మల మీద వేలు నడుపుతూ కూర్చునేవాడు. మనుషుల పేర్లన్నీ పోయాయి. నేనెవరో తెలియదు, "బాబూ" అనేవాడు. చదవడం మటుకు చివరిదాకా పోలేదు. ఆ పేజీ దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆగేవాడు.

"బాబూ, ఈ పెకాసం ఎవులు?"

"ఇక్కడ పనిసేసేవోడు మేస్త్రీ."

"మెషీను కాల్సీసేడంట." వేలు ఆ పేరు మీదే ఉంచేవాడు. "తీసీసేరా ఆణ్ణి?"

"నేదు. ఉన్నాడు."

"తీయకండి. రాసుకోవడం మర్సిపోయుంతాడు, పాపం. భయపడిపోయుంతాడు. ఇంకోపాలి నేర్పితే నేర్సుకుంతాడు. నా మాటగా సెప్పండి మీ మేస్త్రీకి."

"సెప్తాను."

ఎన్నిసార్లు చదివాడో అన్నిసార్లూ ఇదే అడిగాడు, అన్నిసార్లూ ఆ ప్రకాశాన్ని మన్నించమని నన్ను బతిమాలాడు. క్షమాపణ గురించి చిన్నప్పటి నుంచి ఎన్నో ప్రసంగాలు విన్నాను. నేనూ చెప్పాను. నేనెవరో తెలియని మనిషి, నేను చేయని తప్పుకు, నా కోసం నన్నే వేడుకుంటుంటే, చేసిన తప్పు మటుకు పైడమ్మగారి ముందు తప్ప ఎవరి ముందూ ఒప్పుకోకుండా నా దగ్గరే ఉండిపోయింది. ఆయన బతికి ఉండగా ఆ పేజీ దిద్దడానికి నాకు చెయ్యి రాలేదు. దిద్దితే ఆయన తన పేరు అక్కడ చదువుకుంటాడు.

పోయిన మాఘంలో మేస్త్రీ కన్నుమూశాడు. వాళ్ళ ఆచారం ప్రకారమే అన్నీ జరిగాయి. నేను ఒక చివర నిలబడి నా ప్రార్థన చేసుకున్నాను. మర్నాడు ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పే సమయంలో లేచి, ఇప్పుడు ఇక్కడ రాసినదంతా చెప్పాను. సోమవారం షాపు తెరిచి ఆ పుస్తకం తీశాను.

కొత్తగా పని నేర్చుకునేవాళ్ళు, ఈ వృత్తిలో ముఖ్యమైనదేమిటని నన్ను అడుగుతుంటారు. ఉన్నది ఉన్నట్టు రాయడం అంటాను. మన ఇష్టానికో, జాలికో ఒక గీత మార్చి గీస్తే, అది ఎక్కడో మూడో ఫేజులో కాలుతుంది. ఇప్పుడు మా పుస్తకంలో "కట్టినది" పక్కన "చూసినది" అని ఇంకో గడి ఉంది. రెండో మనిషి బొమ్మ చూసి సంతకం పెట్టనిదే మా షాపులో ఉలి ఆనించం, ఆ ఉలి పట్టినవాడు ఎంత పెద్దవాడైనా సరే.

ఆ పాత పేజీలో నేను దేన్నీ కొట్టేయలేదు. కింద ఖాళీలో ఇంకో వరస చేర్చాను.

"పై పేరు నిజం కాదు. కట్టినది: అప్పలస్వామి మేస్త్రీ, జబ్బులో ఉండి. చూస్తూ ఊరుకున్నది: ప్రకాశం."